ఏం చదువుతున్నారు?

కోల్‌కతా దగ్గరి బడ్జ్ బడ్జ్ వెళ్లే లోకల్ రైల్లో పక్కవాళ్ల పుస్తకంలోకి తొంగిచూడటం నాకు పాత జబ్బు. బెంగాలీ నవలాకారుడు శరత్ కనిపిస్తే చాలు, ‘మావాడే’ అనుకుంటాను. అనుకోక ఏం చేయను? చక్రపాణి అనువాదాలతో ఆయన ఏనాడో మన ఇళ్లలోకి వచ్చేశాడు. 1953లో ఆయన ‘దేవదాసు’ సినిమాగా వచ్చాక ఇక చెప్పేదేముంది!

ఇప్పుడు నా చేతిలో ఉన్నది కొమగట మారు చరిత్ర. కెనడా వెనక్కి పంపేసిన ఆ ఓడ ప్రయాణికుల మీద 1914 సెప్టెంబరు 29న ఈ బడ్జ్ బడ్జ్‌లోనే కాల్పులు జరిగాయి. స్టేషన్ పేరులోనూ ఆ ఓడ ఉంది. ఇది సరదాగా చదివేదేనా అంటే, నాకు సరదాయే. (పరీక్షకైతే రెండో పేజీలోనే నిద్రపోయేవాణ్ణి.)

హుగ్లీ ఒడ్డు జనపనార మిల్లులకు వలస వచ్చిన తెలుగు కుటుంబాల కథ మాత్రం నాకింకా పుస్తకంగా దొరకలేదు. మీరు చదివి ఉంటే పేరు చెప్పండి.