కొరకలేని ఎలుకల కొండ!

బియ్యం బస్తాకి చిల్లు పడినా, బీరువాలో పట్టుచీర అంచు తెగినా ఇంటిల్లిపాది అనుమానమూ ఎలుక మీదికే పోతుంది. కొరకడం దాని పుట్టుగుణం మరి! అలాంటిది, దేన్నీ కొరకలేని ఎలుక ఉందంటే నమ్ముతారా? దాన్ని చూడాలంటే ఇండొనేషియాలోని సులవేసి దీవికి వెళ్లాలి.

మ్యాప్‌లో ఇంగ్లిషు ‘కె’ అక్షరంలా కనిపించే దీవి ఇది. దక్షిణ కొసన మకస్సర్ నగరం. అక్కడి నుంచి ఉత్తరానికి వెళ్లే రోడ్డు వరిచేలు దాటుకుంటూ పోయి కొండలెక్కుతుంది. పడవల్లా రెండువైపులా పైకి లేచిన కప్పులతో చెక్క ఇళ్లు ఎదురయ్యాయంటే మమాసా ప్రాంతానికి చేరినట్లే. ఆ వెనక నిలబడి ఉంటుంది ‘గండాంగ్ దేవత’ శిఖరం. పేరులోని దేవత మనకి తెలిసిన సంస్కృత పదమే. ఎత్తు సుమారు 3 వేల మీటర్లు. పైకి వెళ్లేకొద్దీ చెట్లు పొట్టివైపోతాయి. కొమ్మలూ రాళ్లూ అన్నిటి మీదా పచ్చని నాచు. ఎప్పుడూ మబ్బు, వాన. కాలు పెడితే నేల స్పాంజిలా దిగుతుంది. ఆ తడిమట్టి నిండా వానపాములే!

ఇండొనేషియాకి చెందిన అనంగ్ అచ్మాది, ఆస్ట్రేలియాలోని ఒక మ్యూజియంలో పనిచేసిన కెవిన్ రోవ్, జేకబ్ ఎసెల్‌స్టిన్ అనే శాస్త్రవేత్తలు ఈ దీవి కొండల మీద ఎలుకల కోసం వెతికారు. అలా వారికి దొరికిన ఒక వింత ఎలుక గురించి 2012లో ప్రకటించారు. లతిమోజాంగ్ కొండ మీద ఒకటి, గండాంగ్ దేవత మీద ఒకటి... అప్పటికి దొరికినవి రెండే. నోరు తెరిచి చూస్తే ఒక్క దవడపన్నూ లేదు! పై ముందు పళ్లు కూడా ఉలిలా లేవు, కొసన రెండుగా చీలి ఉన్నాయి. పొట్టలో ఉన్నవి వానపాము ముక్కలు. దాంతో ‘పాసిడెంటోమిస్ వెర్మిడాక్స్’ అని పేరు పెట్టారు. కొద్దిపళ్ల ఎలుక, పురుగుల్ని మింగేది అని అర్థం.

ఇందులో వింతేముంది అంటారా? ఎలుకలూ ఉడుతలూ ముళ్లపందులూ అంతా ఒకే వంశం. రెండు వేలకు పైగా జాతులున్న ఈ వంశానికి దవడే ఆస్తి. ముందు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. వాటి ముందువైపే గట్టి ఎనామిల్ ఉండటంతో వెనకవైపు త్వరగా అరిగి, అంచు దానంతటదే పదునెక్కుతుంది. కింది దవడ ముందుకు జరిగితే కొరకడం, వెనక్కి జరిగితే నమలడం. దవడని లాగే కండరం ఉడుతలో కంటి ముందు నుంచి మూతి మీదికి పాకింది. ముళ్లపందిలో కంటికింద ఉన్న పెద్ద రంధ్రంలోంచి దూరి ముందుకొచ్చింది. ఎలుకలో రెండు ఏర్పాట్లూ ఉన్నాయి. అందుకే గింజయినా సబ్బయినా దానికొకటే.

సులవేసి కొండల మీద కథ అడ్డం తిరిగింది. మెత్తటి వానపాముని గట్టిగా కొరకక్కర్లేదు, నమలక్కర్లేదు. బలమైన దవడ లేకపోయినా బతుకు గడిచింది. తరాలు గడిచేకొద్దీ దవడ సన్నబడింది, దవడపళ్లు మాయమయ్యాయి. దీవి ఉత్తరాన డాకో కొండ మీద దొరికి, 2015లో లోకానికి తెలిసిన పందిముక్కు ఎలుకదీ ఇదే దారి. కణత దగ్గరి కండరం అతుక్కోవాల్సిన కొక్కెంలాంటి ఎముక దాని కింది దవడలో లేనేలేదు!

అన్నీ అలా మారాయా అంటే అదీ కాదు. గండాంగ్ దేవత మీదే దొరికిన మరో సన్నని ఎలుక గురించి 2016లో ప్రకటించారు. అది పురుగులతోపాటు వేర్లూ తింటుంది. ఒకే కొండ, ఎవరి తిండి వారిది, ఎవరి దవడ వారిది.

చిక్కల్లా ఇక్కడే ఉంది. మన ఇంటి ఎలుక బియ్యం దొరక్కపోతే కొబ్బరి చిప్ప వెతుక్కుంటుంది. పళ్లు పోగొట్టుకున్న ఈ ఎలుకకి ఆ వీల్లేదు. వానపాములు ఉండాలి, వాటికి తడిమట్టి ఉండాలి, మట్టి తడిగా ఉండాలంటే పైన అడవి ఉండాలి. సులవేసిలో కొండల కింది వాలుల్ని కాఫీ, కోకో తోటల కోసం చాలాచోట్ల నరికేశారు. గండాంగ్ దేవతని 2016లో జాతీయ పార్కుగా ప్రకటించడం కాస్త ఊరట. ఆ నాచు అడవి పచ్చగా ఉన్నన్నాళ్లూ ఈ కొరకలేని ఎలుకకి తిండికి లోటుండదు!