ఒకే నంబర్, అందరికీ తాళం



మొన్న శుక్రవారం మా దోహా క్యాంపులో డబ్బులు పంపే యాప్ ఎవరి ఫోన్‌లోనూ తెరుచుకోలేదు. "మీ ఐపీ అడ్రస్ బ్లాక్ చేశాం" అని ఒకటే మాట. మా రూములో ఒక తమ్ముడికి తెల్లారితే బిడ్డ ఫీజు కట్టే ఆఖరు రోజు. కోపంతో పై అంతస్తు నేపాలీ పిల్లల మీద అరిచినం, "మీరే ఏదో చేసిండ్రు" అని.

వైఫై చూసే అతను వచ్చి చెప్పిండు. క్యాంపులో ఎన్ని ఫోన్లున్నా బయటికి కనిపించేది ఒక్క నంబరే. ఒక్కరు పాస్‌వర్డ్ మళ్లీ మళ్లీ తప్పు కొట్టినా అందరికీ తాళం పడొచ్చు. 2007 జనవరి 1న వికీపీడియా వాళ్లు ఇట్లనే ఒక నంబర్ ఆపితే, అది దాదాపు ఖతర్ దేశం మొత్తానిదని తేలిందట.

వైఫై బంద్ చేసి సిమ్ డేటా పెట్టినం. నంబర్ మారింది, యాప్ తెరుచుకుంది, ఫీజు పోయింది.

రాత్రికి తెలిసింది, పాస్‌వర్డ్ తప్పు కొట్టింది మా రూములోనే.

పని కాడ ఒక్కడు తప్పు చేస్తే "తెలుగోళ్లంతా ఇంతే" అంటరు, మాకు కడుపు మండుతది. మేం చేసింది కూడా అదే కదా. పొద్దున చాయ్ పట్టుకొని పైకి పోయి, తప్పయిందని చెప్పి వచ్చినం.

మీకూ ఇట్లయితే ముందు వైఫై ఆపి చూడండి. ఎవరి మీదా అరవకండి.