గాజువాక పేరు ఎన్నిసార్లు రాయాలి?

ఫోన్‌లో ఏదో వెతుకుతాం. ఒక పేజీ తెరుస్తాం. మొదటి పేరాలోనే మనం టైప్ చేసిన మాట నాలుగుసార్లు కనిపిస్తుంది, కావాల్సిన సమాధానం మాత్రం ఎక్కడా ఉండదు. విసుగొచ్చి వెనక్కి వచ్చేస్తాం. సెర్చ్‌లో పైకి రావాలని ఒకే మాటను ఇలా పేజీ నిండా కుక్కడాన్ని ‘కీవర్డ్ స్టఫింగ్’ అంటారు. నా పనే కంటెంట్ రాయడం కాబట్టి ఈ జబ్బు నాకు పాతదే. కానీ మా ఇంట్లోవాళ్ల సంపాదన మీద దెబ్బ పడ్డాకే దాని బరువు తెలిసింది.

మా బాబాయ్‌ది గాజువాకలో చిన్న ఏసీ రిపేర్ షాపు. ఏడాదికి సరిపడా సంపాదన వేసవి నెలల్లోనే రావాలి. సీజన్‌కి ముందు ఒకాయన పాతిక వేలు తీసుకుని వెబ్‌సైట్ చేసిచ్చాడు. ఏప్రిల్ సగమైనా దాన్ని చూసి ఒక్కరూ ఫోన్ చేయలేదు.

నేను తెరిచి చూశాను. “గాజువాకలో ఏసీ రిపేర్ కావాలా? గాజువాకలో బెస్ట్ ఏసీ రిపేర్ మాదే. గాజువాక ఏసీ రిపేర్ కోసం...” కిందకెళ్తే మద్దిలపాలెం, ఎంవీపీ కాలనీ, గోపాలపట్నం, మధురవాడ అంటూ ఊరంతా వరసగా ఉంది. చదివి వినిపిస్తే బాబాయ్‌కి నవ్వొచ్చింది. “ఏటమ్మా ఇది! అన్నిసార్లు ఊరి పేరు చెప్పినోడు, మనం చేసే పని ఒక్కసారీ చెప్పలేదేటి?”

ఈ కిటుకు ఒకప్పుడు పనిచేసిన మాట నిజమే. పాత సెర్చ్ ఇంజన్లు పేజీలో ఒక మాట ఎన్నిసార్లు వచ్చిందో బాగా లెక్కలోకి తీసుకునేవి. తెల్ల పేజీ మీద తెల్ల అక్షరాలతో మాటలు దాచినవాళ్లూ ఉన్నారు. ఆ రోజులు పోయాయి. పేజీ కోడ్‌లో పెట్టే కీవర్డ్స్ ట్యాగ్‌ని ర్యాంకింగ్‌కి వాడమని గూగుల్ 2009లోనే చెప్పేసింది. 2011లో పాండా అప్‌డేట్‌తో పస లేని పేజీలను కిందకి నెట్టింది. ఇప్పుడు దాని స్పామ్ నిబంధనల్లో కీవర్డ్ స్టఫింగ్ పేరు నేరుగా ఉంది. ఊళ్ల పేర్లు వరసగా పేర్చడాన్నీ అందులో ఉదాహరణగా ఇచ్చారు.

“మాటలు తగ్గిస్తే ర్యాంకు పోతుంది, తర్వాత నన్ను అనొద్దు” అన్నాడు వెబ్‌సైట్ చేసినాయన. బాబాయ్ భయపడ్డాడు. పాతిక వేలు పోయాయి, సీజనూ పోతే? నేను ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి, “కస్టమర్లు నిన్ను రోజూ అడిగేవి చెప్పు బాబాయ్” అన్నాను.

గంటసేపు ఆపకుండా చెప్పాడు. గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదట, తగ్గిందంటే ఎక్కడో లీకున్నట్టే. సముద్రం దగ్గరి ఇళ్లలో ఉప్పుగాలి అవుట్‌డోర్ యూనిట్ కాయిల్‌ని తొందరగా తినేస్తుంది. పోర్టు దగ్గర వన్‌టౌన్ వైపు ఇళ్లలో నల్లదుమ్ముకి ఫిల్టర్లు త్వరగా మూసుకుపోతాయి. ఇవన్నీ ప్రశ్నలూ జవాబులుగా రాశాను. టైటిల్‌లో ఒకసారి, మొదటి పేరాలో ఒకసారి ‘గాజువాకలో ఏసీ రిపేర్’ అని పెట్టాను. ఎందుకంటే వెతికేవాళ్ల మాట పేజీలో ఉండాల్సిందే. ఆ తర్వాత వైజాగ్, కూలింగ్, సర్వీస్, గ్యాస్ లాంటి మాటలు వాటంతటవే వచ్చాయి. ఇన్ని శాతం ఉండాలనే లెక్కేమీ పెట్టుకోలేదు.

పేజీ రాత్రికి రాత్రి మొదటి స్థానానికి వచ్చేయలేదు. కానీ మే నెలలో లాసన్స్ బే కాలనీ నుంచి ఒకావిడ ఫోన్ చేసి, “ఉప్పుగాలి గురించి రాసింది మీరేనా?” అని అడిగారు. బాబాయ్ ఆ రోజంతా ఆ మాటే చెప్పుకున్నాడు.

మీరూ షాపుకో, యూట్యూబ్ ఛానల్‌కో, ఇన్‌స్టా పేజీకో ఏదైనా రాస్తుంటే ఒక చిన్న పని చేయండి. రాసింది పైకి చదవండి. ఎదురుగా నిలబడ్డ కస్టమర్‌తో అలా మాట్లాడగలరా? మాట్లాడలేని ప్రతి వాక్యాన్నీ తీసేయండి. ఖాళీ అయిన ఆ చోట మీకు మాత్రమే తెలిసిన ఒక విషయం రాయండి.