అట్ట మీది నాలుగు మాటలు

పదవీ విరమణ చేసిన తెలుగు పండితునికి ఒక కొత్త ఉద్యోగం దానంతటదే వచ్చి చేరుతుంది. తెలిసినవారి పుస్తకాలకు ముందుమాటలు, వెనుక అట్ట మీది మాటలు వ్రాయడం. జీతం ఉండదు గాని శాలువా ఉంటుంది. ఆ ఉద్యోగంలో నేను చేసిన ఒక అపరాధాన్ని ఇక్కడ చెప్పుకొంటాను.

2016లో నా పూర్వ విద్యార్థిని ఒకామె తన పన్నెండు కథల ప్రతిని తెచ్చి నా చేతిలో పెట్టింది. చేనేత కుటుంబపు పిల్ల. "మాస్టారూ, వెనుక అట్టకు నాలుగు మాటలు వ్రాయండి" అన్నది. నేను నాలుగు కథలు చదివి, పన్నెండింటికీ సరిపడా పొగిడాను. 'సామాజిక చైతన్య స్ఫోరకాలు, మానవీయ విలువల మణిదీపాలు, చదువరి హృదయాన్ని ఆర్ద్రం చేసే అక్షర సుమాలు' అంటూ సమాసాలు గుప్పించాను. ఆమె కూడబెట్టుకొన్న సొమ్ముతో ఐదు వందల ప్రతులు అచ్చయినాయి. ముందు అట్ట మీద ఉదయించే సూర్యుడు, ఎగిరే పక్షులు. వెనుక అట్ట మీద శాలువాతో నేను. రచయిత్రి పరిచయం నా ఛాయాచిత్రం క్రింద రెండు పంక్తులు.

2017 జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలో ఒక అంగడి ముందు నిలుచున్నాను. ఒక నడివయస్సు స్త్రీ ఆ పుస్తకాన్ని తీసి, త్రిప్పి, వెనుక అట్టను ఓపికగా చదివింది. ప్రక్కనున్న భర్తతో, "ఇది మనబోటివాళ్లకు కాదండీ, పండితులు చదువుకొనేది" అని యథాస్థానంలో ఉంచి వెళ్లిపోయింది. ఆ కథలన్నీ ఆమె బోటివారి గురించే! గుమ్మంలో నిలబడి అతిథిని ఆహ్వానించవలసిన నేను ఆ గుమ్మానికే అడ్డుపడ్డానన్నమాట.

ఆ రాత్రి నా మాటలను నేనే తిరిగి చదువుకొన్నాను. వాటిని ఏ పుస్తకం వెనుక ముద్రించినా చక్కగా అతుకుతాయి. తర్కశాస్త్రంలో దీనినే అతివ్యాప్తి దోషమంటారు. ఆవుకు లక్షణం చెప్పమంటే 'కొమ్ములు గలది' అన్నామనుకోండి, అది గేదెకూ చెల్లుతుంది. తరగతి గదిలో ఎన్నిసార్లో చెప్పిన పాఠమది. నా వ్రాతకు మాత్రం అన్వయించుకోలేదు.

మన పూర్వులు శాస్త్రగ్రంథాల ఆరంభంలో నాలుగు అంశాలు తెలియజేయాలన్నారు. విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి. దీనికి అనుబంధ చతుష్టయమని పేరు. ఈనాటి వెనుక అట్టకు ఇంతకంటె మంచి కొలత నాకు కనబడలేదు. ఈ పుస్తకం దేనిని గురించి? చదివితే ఏమి లభిస్తుంది? ఆ విషయంతో రచయితకు గల సంబంధమేమిటి? ఎవరు చదవదగినది? ఈ నాలుగూ చెప్పి ఊరుకోవాలి. కథ ముగింపు మాత్రం చెప్పరాదు. పెండ్లిచూపులనాడే కాపురం కథంతా చెప్పేస్తే ఇక పెండ్లి ఎందుకు?

ముందు అట్ట సంగతీ అంతే. ఎమెస్కో పాకెట్ పుస్తకాల నాటి బాపు ముఖచిత్రాలను చూచినవారికి వేరే చెప్పనక్కరలేదు. కొద్ది గీతలలో ఒక మనిషి, ఆ మనిషి మనస్సు. పేరు వ్రాసిన అక్షరాలు కూడా బొమ్మలో భాగమే. ఆ చేతివ్రాత తరువాత కంప్యూటరు ఖతులుగానూ వెలువడింది. మన లిపికి పైన గుడులు, క్రింద ఒత్తులు ఉంటాయి గనుక పంక్తుల నడుమ చోటు కావాలి. చోటు చాలదని అక్షరాలను సాగదీస్తే, నొక్కితే ఒత్తు వెళ్లి క్రింది గుడికి తగులుతుంది. పుస్తకం పేరు రెండు బారల దూరానికి తెలియాలి. ఇప్పుడు ముఖచిత్రాన్ని చాలామంది మొదట చూచేది ఫోనులోనే, బొటనవ్రేలి గోరంత పరిమాణంలో. అక్కడ సూర్యుడూ పక్షులూ చుక్కలుగా మిగులుతాయి. ఇక బీరువాలో నిలబెట్టిన పుస్తకానికి వెన్నే ముఖం. నూట ఇరవై పుటల పుస్తకానికి వెన్ను పావు అంగుళానికి మించదు. అందులో రచయిత పేరు, పుస్తకం పేరు తప్ప మరేదీ ఇరికించరాదు.

2022లో ఆమె రెండవ ముద్రణ తలపెట్టి, మొహమాటపడుతూనే మళ్లీ నా వద్దకు వచ్చింది. ఈసారి పన్నెండు కథలూ చదివాను, కొన్ని రెండుసార్లు. తొమ్మిదవ కథ దగ్గర పుస్తకం మూసి కాసేపు కూర్చుండిపోయాను. తరువాత ఇలా వ్రాశాను: 'మగ్గం గుంట పూడ్చి, ఆ చోట మంచం వేసుకొన్న ఇల్లు ఒకటి. తాను నేసిన చీరను కొనుక్కోలేక అంగడి అద్దంలోంచి చూచి వచ్చిన తల్లి ఒకతె. మగ్గం చప్పుడులో పెరిగిన అమ్మాయి వ్రాసిన పన్నెండు కథలు. నేతపని తెలిసినవారు తమను చూచుకొంటారు, తెలియనివారు తమ ఒంటి మీది బట్టను మరొకసారి చూచుకొంటారు.'

అంతే. నా బొమ్మ తీసివేయమన్నాను, పేరు కూడా వద్దన్నాను. ముందు అట్ట మీద సూర్యుడు అస్తమించాడు. ఆ స్థానంలో ఒక నాడె, దాని నుండి జారిన ఒక్క పోగు. పైన ఆమె పేరు, స్పష్టంగా.

నేను వ్రాసిన కాగితాన్ని ఆమె అక్కడే నిలబడి చదువుకొన్నది. మడిచి సంచిలో పెట్టుకొంటూ తలయెత్తకుండానే అన్నది: "ఈసారి చివరిదాకా చదివారు, మాస్టారూ."

ఆ సంగతి ఆమెకు ఆరేళ్లుగా తెలుసు. అయినా ఆ ఆరేళ్లలో ఎన్నడూ నన్ను ఒక్క మాట అనలేదు.