ముందు ప్రతి... తర్వాతే రిపేరు!

ఫ్యాను తిరక్కపోతే కెపాసిటర్ మారుస్తారు. మిక్సీ మొరాయిస్తే మెకానిక్‌కి ఇస్తారు. బాగై వచ్చాక వాటిలోంచి పోయిందంటూ ఏమీ ఉండదు. కంప్యూటర్ సంగతి అలా కాదు. పెట్టె బాగై రావచ్చు, అందులో దాచుకున్నవి రాకపోవచ్చు. పెళ్లి ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు, ఇంటి కాగితాల స్కాన్లు... ఒకప్పుడు ట్రంకు పెట్టెలో ఉండేవన్నీ ఇప్పుడు అరచేతిలో పట్టే డిస్కులోకి చేరాయి మరి!

తెనాలిలో ఉండే ఓ రిటైర్డ్ తెలుగు మాస్టారికి ఈ తేడా డెబ్బై రెండో ఏట తెలిసొచ్చింది. ఆయన కంప్యూటర్‌లో ఉన్నది ఉబుంటు. లినక్స్ కుటుంబానికి చెందిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ తొలిసారి 2004లో వచ్చింది. పాత కంప్యూటర్‌కి ఇదైతే తేలిగ్గా ఉంటుందని ఇంజినీరింగ్ చదివిన మనవరాలు వేసిచ్చింది. ఊళ్లో పెద్దవాళ్లు చెప్పిన పాత కబుర్లన్నీ ఆయన ఏళ్ల తరబడి అందులోనే టైపు చేసుకుంటున్నారు. వాటికంటే విలువైంది మరొకటుంది. నాలుగేళ్ల కిందట పోయిన భార్య పాడిన మంగళహారతులు, పెళ్లిపాటలు... నలభై దాకా రికార్డింగులు. ఆవిడ గొంతు ఇంకెక్కడా లేదు.

ఓ సాయంత్రం అప్‌డేట్ జరుగుతుండగా కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చేతులెత్తేసింది. కరెంటు వచ్చాక స్విచ్ వేస్తే నల్లటి తెర, దాని మీద నాలుగు వరుసల ఇంగ్లీషు అక్షరాలు. అంతే, ముందుకు కదల్లేదు. వీధి చివర షాపు కుర్రాడు వచ్చి చూసి, "ఫార్మాట్ కొట్టి కొత్తగా ఎక్కిస్తా మాస్టారూ, గంటలో పని" అన్నాడు.

"మరి అందులోవి?"

"అవి పోతాయండీ. కంప్యూటర్ మాత్రం కొత్తదానిలా అయిపోద్ది."

మాస్టారికి కావలసింది కొత్తది కాదు. "రేపు చెబుతాలే బాబూ" అని పంపేసి, హైదరాబాద్‌కి ఫోన్ చేశారు.

"తాతయ్యా, దాని మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వకు. శనివారం పొద్దున్నకల్లా వచ్చేస్తా" అంది మనవరాలు.

"అమ్మమ్మ పాటలు ఉన్నట్టేనంటావా?"

"డిస్కు బాగుంటే ఉన్నట్టే తాతయ్యా. తలుపు బిగుసుకుపోయింది, బీరువా కాలిపోలేదు కదా!"

ఆ అమ్మాయి ధైర్యం చెప్పడానికే అన్నా, అందులో నిజం ఉంది. కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ వేరు, మనం దాచుకున్న ఫైళ్లు వేరు. లినక్స్‌లో ఎవరి ఫైళ్లు వాళ్ల పేరుతో 'హోమ్' అనే ఫోల్డర్‌లో ఉంటాయి. అప్‌డేట్ మధ్యలో ఆగిపోతే సాధారణంగా దెబ్బతినేది నడిపే భాగమే. ఫైళ్లు ఉన్నచోటే ఉంటాయి. కంగారులో డిస్కు మొత్తం చెరిపేసి కొత్తగా ఎక్కిస్తేనే అసలు నష్టం. కొత్తరకం ఎస్‌ఎస్‌డీ అయితే, అలా చెరిపినవి తిరిగి దొరికే ఆశ దాదాపు లేనట్టే.

శనివారం మనవరాలు రెండు వస్తువులు తెచ్చింది. ఒకటి, తన ల్యాప్‌టాప్‌లో ఉబుంటు ఎక్కించుకున్న పెన్‌డ్రైవ్. రెండోది, ఖాళీ హార్డ్ డిస్క్. పెన్‌డ్రైవ్ పెట్టి స్విచ్ వేస్తూనే ఎఫ్12 మీట నొక్కింది. ఈ మీట కంపెనీని బట్టి మారుతుంది. కొన్నింటికి ఎఫ్2, కొన్నింటికి ఎస్కేప్. తెర మీద 'ట్రై', 'ఇన్‌స్టాల్' అని కనిపిస్తే, మొదటిదే ఎంచుకుంది. అలా చేస్తే సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్ మీంచే నడుస్తుంది, లోపలి డిస్కు జోలికి పోదు. 2000లో జర్మనీకి చెందిన క్లాస్ నాపర్ తయారుచేసిన 'నాపిక్స్' సీడీతో ఈ పద్ధతి బాగా ప్రాచుర్యంలోకి వచ్చింది.

డిస్కు బొమ్మ మీద నొక్కితే లోపల హోమ్, అందులో మాస్టారి పేరు... అన్నీ ఉన్నాయి. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

మనవరాలు అంతటితో ఆగలేదు. కంట్రోల్, హెచ్ మీటలు కలిపి నొక్కింది. చుక్కతో పేర్లు మొదలయ్యే ఫోల్డర్లు బోలెడు బయటపడ్డాయి. మామూలుగా ఇవి కనిపించవు. బ్రౌజర్‌లో గుర్తుపెట్టుకున్న పేజీలు, కంప్యూటర్‌లోకి దించుకున్న మెయిళ్లు, విడిగా వేసుకున్న ఫాంట్లు వీటిలోనే ఉంటాయి. ఒకప్పుడు డీటీపీ సెంటర్లో టైపు చేయించి తెచ్చుకున్న ఫైళ్లు మాస్టారి దగ్గర కొన్నున్నాయి. యూనికోడ్ రాకముందు ఫాంట్లవి. ఆ ఫాంటు లేకపోతే తెరిచినా తెలుగు కనిపించదు, పిచ్చి గీతలే! అందుకే ఫైలుతోపాటు ఫాంటునీ కాపీ చేసింది.

భోజనాల వేళకి కాపీ అయిపోయినట్టు చూపించింది. మాస్టారు వైరు లాగబోతే, "ఆగు తాతయ్యా!" అని ఆపింది. పని అయిపోయిందని తెర చెప్పినా, లినక్స్ ఇంకా వెనకాల రాస్తూనే ఉండొచ్చు. 'ఎజెక్ట్' నొక్కి, తీయవచ్చని చెప్పేదాకా ఓపిక పట్టాలి. ఆ తర్వాత హార్డ్ డిస్క్‌ని తన ల్యాప్‌టాప్‌కి తగిలించి, కాపీ చేసినవాటిలోంచి ఓ పాట పెట్టింది. ముందు చిన్న దగ్గు. "రికార్డవుతోందా?" అన్న ప్రశ్న. తర్వాత హారతి పాట. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. పాట అయ్యేదాకా ఎవరూ మాట్లాడలేదు.

"ఇప్పుడు పిలువు తాతయ్యా ఆ షాపబ్బాయిని. ఫార్మాట్ కొట్టుకోమను!" అంది మనవరాలు.

అన్ని కథలూ ఇలా సుఖాంతం కావు. డిస్కులోంచి టిక్కు టిక్కుమని చప్పుడు వస్తుంటే అది తలుపు జబ్బు కాదు, బీరువా జబ్బే. వెంటనే ఆపేయాలి. అందులోవి పోకూడనివైతే డేటా రికవరీ నిపుణులకు చూపించాలి. సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడు డిస్కుకి ఎన్‌క్రిప్షన్ పెట్టుకున్నవాళ్లకి ఆ పాస్‌వర్డే తాళంచెవి. అది పోతే ఎంతటి మెకానికూ తెరవలేడు. కాబట్టి ఇంట్లో భద్రంగా రాసిపెట్టుకోవాలి. పెన్‌డ్రైవ్ పాత ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఉంటే 4 జీబీకి మించిన ఫైలు అందులో పట్టదు. పెళ్లి వీడియోల దగ్గర చాలామంది తికమకపడేది ఇక్కడే.

ఇంత హైరానా లేకుండా ఉండాలంటే 'మూడు-రెండు-ఒకటి' అనే సూత్రం ఉంది. అమెరికా ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. ముఖ్యమైనవి మూడుచోట్ల ఉండాలి. రెండు రకాల సాధనాల్లో ఉండాలి. ఒకటైనా ఇంటి బయట ఉండాలి. కంప్యూటర్‌లో ఒకటి, బీరువాలోని హార్డ్ డిస్క్‌లో ఒకటి, వేరే ఊళ్లో ఉన్న పిల్లల దగ్గర ఒకటి. పెద్ద ఖర్చేమీ కాదు. నెలకో ఆదివారం గంటసేపు కూర్చుంటే చాలు.

ఇది మనకి కొత్తేమీ కాదు. తాటాకు పుస్తకాలు పురుగుపట్టేవి, పెళుసెక్కి విరిగేవి. అయినా మన కావ్యాలు, శతకాలు మిగిలాయంటే, ఎవరో ఒకరు కూర్చుని మళ్లీ మళ్లీ రాసిపెట్టడం వల్లే. పందొమ్మిదో శతాబ్దంలో సి.పి. బ్రౌన్ కడపలో పండితుల్ని జీతానికి పెట్టుకుని మరీ ఆ పని చేయించారు. బ్యాకప్ అంటే ఏదో కంప్యూటర్ మాట అనుకుంటాం గానీ, దానికి మన పెద్దలు ఎప్పుడో పేరు పెట్టారు... 'ప్రతి' అని. ఇంట్లో ఒక్కటే ఉన్న గొంతుకి, ఒక్కటే ఉన్న ఫొటోకి ఈ ఆదివారమే ఓ ప్రతి తీసి పెట్టండి.