నల్లరేగడిలో హద్దురాయి

మిరపకోతలు సగము ముగిసిన మాఘమాసపు ఉదయమున, ప్రత్తిపాడు చేరువ పల్లెలో భూముల రీసర్వే జరుగుచున్నదని విని చూడబోయితిని. శతాబ్దము క్రిందట గొలుసులతో కొలిచిన హద్దులను ఉపగ్రహముల సాయమున తిరిగి నిర్ణయించు ఈ పని 2020 డిసెంబరు 21న నాటి కృష్ణాజిల్లా తక్కెళ్ళపాడులో ఆరంభమైనది. నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు బీటలువారు నేల. అందు పాతిన రాయి కాలక్రమమున ఒరిగిపోవును, గట్టు దుక్కిదుక్కికి కరిగిపోవును.

సర్వేయరు చేతిలో రెండు మీటర్ల కడ్డీ, దాని తలపై రోవరనెడి యంత్రము. ఇరువదివేల కిలోమీటర్ల ఎత్తున తిరుగు ఉపగ్రహమునుండి సంకేతము చేరుటకు పట్టిన కాలమే ఇచట దూరమునకు కొలత. సెకనులో నూరుకోట్లవ వంతు పొరబడినను ముప్పది సెంటీమీటర్ల భేదము వచ్చును. గడియారపు దోషము, కక్ష్యాదోషము, అన్నిటికంటె మొండిదైన ఐనోఆవరణ దోషము కలిసి ఒంటరి యంత్రమును కొన్ని మీటర్లు తప్పించును. మన ప్రాంతముమీద ఐనోఆవరణమనెడి ఆ విద్యుత్కణముల పొర మధ్యాహ్నవేళ మిక్కిలి దట్టమగును. దాని పోకడలను వడ్డేశ్వరమునందలి కె.ఎల్. విశ్వవిద్యాలయమున పరిశోధించుచున్నారు.

దీనికి విరుగుడుగా, స్థానము ముందే సూక్ష్మముగా తెలిసినచోట్ల శాశ్వత గ్రాహకములను నిలిపి, అవి కనుగొన్న దోషమును సెల్‌ఫోను ద్వారా రోవరునకు అందించుచున్నారు. రెండును ఒకే ఆకాశఖండము క్రింద నున్నవి గనుక దోషమును దాదాపు సమానమే. ఆ సవరణను గైకొని, పందొమ్మిది సెంటీమీటర్ల నిడివిగల తరంగములు ఉపగ్రహమునకును తనకును నడుమ ఎన్ని పూర్తిగా పట్టినవో రోవరు తేల్చుకొనినప్పుడే తెరపై 'ఫిక్స్' పడును, స్థానము కొద్ది సెంటీమీటర్లకు లొంగును.

రాయి ఎక్కడ నున్నదో యంత్రము చెప్పగలదు. అక్కడ ఉండదగునా యన్నది ఇరుగుపొరుగు రైతులే ఎదుట నిలిచి చెప్పవలెను. కావున నోటీసు అందని రైతు పరోక్షమున కొలత సాగరాదని నా దృఢాభిప్రాయము.

ఒక మూల రాయి వేపచెట్టు క్రింద నుండుటచే ఎంతసేపటికిని ఫిక్స్ రాలేదు.

"కొమ్మలు అడ్డమొస్తున్నాయి, పెద్దాయనా."

"మా నాయన నాటిన చెట్టు బాబూ, కొట్టనివ్వను."

సర్వేయరు చెట్టుజోలికి పోక, ఆరుబయట రెండు బిందువులను రోవరుతో నిర్ణయించి, వానినుండి రాతివరకు టేపు లాగించెను. రెండు అంకెలును తన యెదుటనే వ్రాయవలెనని వృద్ధుడు పట్టుపట్టెను. వ్రాసి, ఇరుపక్కల రైతులచేత సంతకములు చేయించిన పిమ్మట తరువాతి గట్టుకు నడిచితిమి.