ఘోడీ పైసా

మా అబ్బా ముప్పై ఏండ్లు మలక్‌పేట రేసు కోర్సుల సైసుగ పనిజేసిండు. ఒక్క రోజు కూడ ఒక్క రూపాయి పందెం కాయలే. ఈ మాట చెప్తే చాలామంది నమ్మరు. "రేసు కోర్సుల ఉండి జువా ఆడకుండ ఉన్నడా?" అని నవ్వుతరు. మా అమ్మీ నమ్మింది. నమ్మింది గని ఆమె దిల్‌ల ఒక షక్ అట్లనే ఉండిపోయింది. అబ్బా తెచ్చే పైసా హలాలా, హరామా అని. ఆ షక్ ముచ్చటే ఇయ్యాల మీకు చెప్త.

అబ్బా ఫజర్ అజాకు మస్తు ముందే లేస్తుండె. చలి గానీ, వాన గానీ, మూడున్నరకు చాయ్ తాగి సైకిల్ ఎక్కుడే. మా ఇల్లు సైదాబాద్‌ల ఉండె. బడికి ఛుట్టీ ఉన్న దినం నేను గూడ సైకిల్ వెనక కూసొని పోతుంటి. మహబూబ్ అలీ పాషా 1886ల మౌలాలికెల్లి రేసులను మలక్‌పేటకు తెచ్చిండు. అంత పాత జాగా అది. పెద్ద ట్రైనర్ల దగ్గర గుర్రాలు వరుసలు వరుసలుగ ఉంటయి. అబ్బా పనిజేసే సాబ్‌ది మాత్రం చిన్న తబేలా. పదకొండు గుర్రాలు, నలుగురు సైసులు, ఒక చౌకీదారు. అబ్బాకు మూడు గుర్రాలు అప్పజెప్పిండ్రు.

పోంగనే అబ్బా ముందుగాల జూసేది నాంద్. రాత్రి పెట్టిన దాణా సాఫ్‌గ తిన్నదా, మిగిల్చిందా? మిగిల్చిందంటే ఏదో తక్లీఫ్ ఉన్నట్టే. రెండోది లీద్. గట్టిగ ఉందా, పల్చగ ఉందా, అసలు ఏసిందా లేదా? ఆ తర్వాత కింద కూసొని గుర్రం ముందుకాళ్ల మీద అరచెయ్యి పెడుతుండె. మోకాలు కిందికెల్లి గిట్టె దాంక మెల్లగ జారిస్తుండె. రెండు కాళ్లను ఒక్కతీరుగ తడిమి చూస్తుండె. ఒకటి కంటె ఇంకొకటి జెర గరమ్ అనిపించినా సాబ్‌కు ఖబర్ పోవాల్సిందే.

"ఘోడీ బోల్ నై సక్తీ బేటా, హాథ్ కో బోల్తీ" అంటుండె. గుర్రం నోటితోని చెప్పలేదు, చేతికి చెప్తది అని.

ఇగ ఖరేరా పట్టుడు, గిట్టెల్లో ఇరికిన మట్టి, లీద్ గీకుడు, జీన్ కట్టుడు, లగామ్ ఎక్కిచ్చుడు. తెల్లారంగ రైడింగ్ బాయ్ ఎక్కి ట్రాక్ మీదికి తీస్కపోతడు. రోజూ జోరుగ ఉరికియ్యరు. ముందు నడక, తర్వాత దుల్కీ, తర్వాత మెల్లగ క్యాంటర్. పూరా జోరు వారంల ఒకటి రెండు మాట్ల మాత్రమే. వచ్చినంక చెమట ఆరేదాంక చేత్తోని పట్టుకొని తిప్పాలె. కడగాలె, నీళ్లు తుడవాలె, కాళ్ల మీద సల్లటి నీళ్లు పట్టాలె, మాలిష్ జేయాలె, పట్టీలు కట్టాలె. నెలకొకసారి నాల్‌బంద్ వచ్చి నాల్‌లు మార్చాలె. రేసు చూడనీకె వచ్చేటోళ్లకు కనబడేది నిమిషంన్నర. ఆ నిమిషంన్నర ఎనక నెలల చాకిరి ఉంటది.

అబ్బాకు ఇచ్చిన మూడింట్ల ఒక సబ్జా ఘోడీ ఉండె. రేసు పుస్తకంల దానికి పొడుగాటి ఇంగ్లీషు పేరుండె గని అబ్బా "బేగం" అని పిలుస్తుండె. నఖ్రాలు అట్లుండె మరి. అబ్బా జేబుల గుడ్ ముక్క ఉంటేనే లగామ్ ఎక్కిచ్చుకుంటుండె. నేను ఆరో తరగతిల ఉన్నప్పుడు ఒక రాత్రి చౌకీదారు మా ఇంటికి ఉరికొచ్చిండు. బేగం కాలితోని నేల తవ్వుతున్నది, మాటిమాటికి తిరిగి పొట్ట దిక్కు చూసుకుంటున్నదని చెప్పిండు. అబ్బా పెట్టిన బువ్వ ఇడిసి లేసిండు. నేను గూడ ఎంబడి పోయిన.

అది కడుపునొప్పి. మనిషికైతే వాంతి అయితది, పానం తేలికైతది. గుర్రం వాంతి చేసుకోలేదు. లోపల పేగు అడ్డం పడితే చచ్చిపోతది. డాక్టర్ సాబ్ వచ్చి సూది ఇచ్చిండు, ముక్కుల పైపు ఏసి నూనె పంపిండు. పండుకొని పొర్లనీయొద్దు, నడిపియ్యమన్నడు. ఇషా అయిన కాడికెల్లి అబ్బా నడిపిస్తనే ఉన్నడు. జెరసేపు ఆగి దాని డొక్కకు చెవి ఆనిస్తుండె. పేగుల సప్పుడు ఇనబడకపోతే మల్ల నడక. నన్ను గూడ చెవి పెట్టి ఇనమన్నడు. నాకు ఏం ఇనబడలే. అబ్బా మొఖం జూసి భయమేసింది.

ఫజర్ అజా అయితుండంగ బేగం తోక లేపింది. లీద్ ఏసింది. అబ్బా ఆ లీద్ దిక్కు జూసి "యా అల్లా, తేరా షుకర్" అని కండ్లు తుడుసుకున్నడు. లీద్ జూసి ఏడ్సిన మనిషిని నేను మల్ల చూడలే.

ఆ సీజన్‌లనే బేగం రేసు గెలిసింది. ఓనర్ ఖుషీ అయి సైసులకు ఇనాం ఇచ్చిండు. అబ్బా తెచ్చి అమ్మీ చేతుల పెట్టిండు. అమ్మీ ఆ నోట్లను వంటింట్లకు తేలే. పాత బిస్కిట్ డబ్బాల ఏసి సందూక్ కింద పెట్టింది.

"నీ తన్‌ఖా నీ మెహనత్‌ది, అది హలాలే. ఈ ఇనాం ఏ పందెం పైసాలకెల్లి వచ్చిందో నాకు ఎరుకలే. నా పిల్లల ప్లేట్‌ల ఇది పడొద్దు" అన్నది.

అబ్బాకు కోపం వచ్చింది. "సూరె ఆదియాత్ మొదలయ్యేదే ఉరికే గుర్రాల కసమ్‌తోని. ఆ జానవర్‌కు చాకిరి జేస్తే తప్పేంది?"

"జానవర్‌ది తప్పు లేదు జీ. దాని మీద పెట్టే పైసాది తప్పు" అన్నది అమ్మీ. అబ్బా ఇంకేం అనలే. గెలిసినప్పుడల్లా వచ్చిన ఇనాం డబ్బాలకే పోయింది. ఇంట్ల బియ్యం లేని దినం గూడ అమ్మీ దాని మూత తీయలే.

మరుసటి ఏడు ఒక పొద్దున అబ్బా చెయ్యి బేగం ఎడమ ముందుకాలు కాడ ఆగిపోయింది. మోకాలు కింద ఎనకవైపు పట్ఠా జెర గరమ్ ఉండె. వాపు లేదు, కుంటుడు లేదు. అబ్బా సాబ్‌కు చెప్పిండు. రేసు ఇంక అయిదు రోజులుండె. ఆ ఓనర్‌వి తబేలాల మూడు గుర్రాలు. వాటిని తీస్కపోతనని అప్పటికే ధమ్కీ ఇస్తున్నడు. మూడు గుర్రాలు పోతే ఒక సైసు నౌకరీ పోయినట్టే. సాబ్ చెడ్డోడు కాదు. రెండు రోజులు మంచుగడ్డలు పెట్టమన్నడు. పెడితే గరమ్ తగ్గింది. "దౌడాయింగే" అన్నడు.

అబ్బా ఒకసారి నక్కో సాబ్ అన్నడు. రెండోసారి అనలే.

బేగం ఆఖరి మలుపుల ముందుకొచ్చి, అక్కడికెల్లి ఎనకబడింది. వాపస్ వచ్చేటప్పుడు మూడు కాళ్ల మీద వచ్చింది. పట్ఠా తెగింది. కొన్ని నెలలకు కాలు కుదిరింది గని రేసుకు పనికిరాదన్నరు. ఎవరో కొనుక్కపోయిండ్రు. ఆ రాత్రి అబ్బా అమ్మీతోని అన్న మాట నేను దుప్పటి కిందికెల్లి ఇన్న: "ఇనాం గురించి నువ్వు ఫికర్ పడ్డవ్. నేను గట్టిగ చెప్పకుండ తెచ్చుకున్న ఈ నెల తన్‌ఖా సంగతేంది?" అమ్మీ జవాబియ్యలే.

చాన ఏండ్లకు మా ఖాలా కొడుకు షాదీ అయింది. ఫంక్షన్ హాల్ ముందట మర్ఫా మోగుతుండె. దుల్హా తెల్ల గుర్రం మీద వచ్చిండు. అందరు నాచుతుండ్రు. అబ్బా మాత్రం గుర్రం కాళ్ల దిక్కే చూస్తున్నడు. ఎడమ ముందుకాలు ఎనక విల్లు లెక్క వంగిన గడ్డ. సబ్జా గుర్రాలు ఉమర్ పెరిగినకొద్దీ తెల్లగైతయి. అబ్బా దగ్గరికి పోయి "బేగం" అన్నడు. ఆ ఘోడీ మూతి తెచ్చి అబ్బా షేర్వానీ జేబుల పెట్టింది. జేబుల గుడ్ లేదు. అబ్బా దస్తర్‌ఖాన్ కాడికి రాలే. దుల్హా దిగినంక రోడ్డు మీదనే కూసొని గిట్టె లేపి చూసిండు. నాల్ వదులైంది, లోపల పుత్లీ కుళ్లి వాసనొస్తున్నది. బరాత్ గుర్రమాయన గరీబోడే. "నాల్‌బంద్‌కు పైసల్లేవు చాచా" అన్నడు.

ఇంటికొచ్చి అబ్బా బిర్యానీ తినలేదని అమ్మీ కారణం అడిగింది. చెప్పిండు. అమ్మీ లేసి సందూక్ కిందికెల్లి డబ్బా తీసింది. మూత తుప్పు పట్టింది, చాకుతోని ఊడదీయాల్సొచ్చింది. కొన్ని నోట్లు ఇప్పుడు చెల్లనే చెల్లవు. చెల్లేటివి లెక్కవెట్టి అబ్బా చేతుల పెట్టింది.

"ఘోడీ పైసా ఘోడీకు" అన్నది. ఇంకేం అనలే.

ఆ పైసలతోని నాల్‌బంద్ వచ్చిండు, దవా వచ్చింది, చనా, చోకర్ వచ్చినయి. డబ్బా ఖాళీ అయినంక నేను ఇచ్చిన. బేగం గుజరిచ్చే దాంక అబ్బా ప్రతి జుమ్మా నమాజ్ అయినంక మూసీ అవతలికి పోయి, దాని కాళ్ల మీద చెయ్యి పెట్టి చూసొస్తుండె.

జువా హరామ్. దాంట్ల నాకు షక్ లేదు. అబ్బా రోజీ గురించి మాత్రం అమ్మీ మల్ల ఎప్పుడూ సవాల్ అడగలే. మీరు ఈసారి బరాత్‌ల గుర్రాన్ని చూస్తే, ఫోటో దిగే ముందు దాని కాళ్ల దిక్కు ఒకసారి చూడుండ్రి. వీలైతే జేబుల ఓ గుడ్ ముక్క పెట్టుకోండ్రి.